రాత్రి రైఫిల్ గురి: టెక్సస్ గడ్డి చేనులో ఒక తెలుగు రైతు శిక్షణ

ఈ కేసు టెక్సస్ ఉత్తరాన, డల్లస్ నుంచి గంటన్నర ప్రయాణంలో ఉన్న ఒక గడ్డి చేనుది. యజమానిది అనంతపురం జిల్లా. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, పౌరసత్వం ఉంది, వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నేళ్ల కిందట కొంత భూమి కొని బెర్ముడా గడ్డి వేశారు. కోసి, ఎండబెట్టి, బేళ్లు కట్టించి చుట్టుపక్కల పశువులవాళ్లకు అమ్ముతారు. పేరు రాయడం లేదు. ఇదంతా ఆయన చదివి సరేనన్నాకే పెడుతున్నాను. నా పని ఇక్కడ రైఫిల్ శిక్షణ, అందులోనూ పందుల బెడద ఉన్న పొలాలవాళ్లకు రాత్రి శిక్షణ.

మనవాళ్లు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఏ స్కోపు కొనాలని. దానికి నా జవాబు కింద చెప్తాను. కానీ ఇప్పుడొస్తున్న పరికరాలతో చీకట్లో తూటా తగిలించడం అంత కష్టమేమీ కాదు. తగిలేది దేనికో ఖాయంగా తెలుసుకోవడమే కష్టం. శిక్షణలో ఎక్కువ భాగం దానికే పోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ కేసు కూడా అలాగే నడిచింది.

సమస్య

టెక్సస్‌లో పందులు 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లతో వచ్చాయి. తర్వాత వేట కోసం యూరప్ అడవి పందులను తెచ్చి వదిలారు. రెండూ కలిసిపోయి ఇప్పుడు ఇరవై లక్షలు దాటి ఉంటాయని అంచనా. పగలు వాగుల పక్కన పొదల్లో పడుకుని, చీకటి పడ్డాక చేలల్లోకి దిగుతాయి. మూతితో నేలను తవ్వి వేర్లు, పురుగులు తింటాయి. ఒక మంద దిగిన చోట తెల్లారేసరికి గుంటలు, మట్టిపెళ్లలు మిగులుతాయి. గడ్డి పోవడం సగం నష్టమైతే, ఆ గుంటల్లో పడి కోత యంత్రం బ్లేడ్లు విరగడం మిగతా సగం.

ఈయనకు పందుల కాపలా కొత్త కాదు. చిన్నప్పుడు వేరుశనగ చేనులో వాళ్ల నాన్నతో మంచె మీద పడుకుని, డబ్బాలు కొట్టి, టార్చి వేసి పందులను తరిమిన మనిషి. రైఫిల్ కూడా కొత్త కాదు. పగటిపూట .308 బోల్ట్ యాక్షన్‌తో (ప్రతి గుండుకూ చేత్తో బోల్ట్ లాగి ఎక్కించే రైఫిల్) 100 గజాల్లో ఐదు గుళ్లను అంగుళంన్నర లోపల పెడతారు. అందుకే థర్మల్ స్కోపు, అంటే వేడిని బట్టి చీకట్లో చూపించే గురి పరికరం, కొని బిగిస్తే పని అయిపోతుందనుకున్నారు. బిగించారు. గ్రూప్, అంటే ఐదు గుళ్లు పడిన చోటి వెడల్పు, ఐదు అంగుళాలకు పైగా చెదిరింది. "అన్నా, స్కోపు తేడాగా ఉంది, వాపసు పంపేస్తా" అని ఫోన్ చేశారు.

గురి ఎందుకు చెదిరింది

స్కోపులో తేడా లేదు. కారణాలు చిన్నవే, కానీ ఒకటి మీద ఒకటి పేరుకున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరిలోనూ దాదాపు ఇవే చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది ఫోకస్. ఈ పరికరాల్లో రెండు ఫోకస్‌లు ఉంటాయి. కంటి దగ్గరి రింగు డయాప్టర్. లోపలి తెర మీద బొమ్మ, గురిగీతలు మన కంటికి స్పష్టంగా కనబడేలా చేసేది అది. ముందు లెన్సు రింగు ఎదుటి వస్తువు దూరానికి. ఈయన డయాప్టర్ మసకగా ఉండగానే ముందు రింగు తిప్పి సర్దుకుంటున్నారు. దాంతో రెండూ ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. లెన్సు మూత తీయకుండానే స్కోపు ఆన్ చేయించి, గురిగీత అంచు సూటిగా తెగినట్టు కనబడేదాకా డయాప్టర్ తిప్పించాను. అక్కడ రింగు మీద తెల్ల పెయింటుతో గీత పెట్టాం. ఇక ఆ రింగు జోలికి పోకూడదు. తర్వాత మూత తీసి ముందు రింగు మాత్రమే తిప్పాలి.

రెండోది టార్గెట్. థర్మల్ స్కోపుకు కాగితం మీద నల్లచుక్క కనబడదు. అది చూసేది వెలుతురును కాదు, వస్తువుల నుంచి వచ్చే వేడిని, అంటే 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య పరారుణ కిరణాలను. అందుకని ఈయన అట్ట మీద చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ ప్యాకెట్టు ఒకటి అంటించారు. మొదటి రెండు గుళ్లదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత వేడి అట్టలోకి పాకి, తెల్లటి చతురస్రం కాస్తా అంచుల్లేని ముద్దవుతుంది. గాలి ఎటు వీస్తే ముద్ద అటు సాగుతుంది. దాని నడిమధ్య ఎక్కడుందో ప్రతి గుండుకూ కొత్తగా ఊహించుకోవాల్సిందే. అట్ట తీసేసి, ప్లైవుడ్ చెక్క మీద రెండంగుళాల అల్యూమినియం ఫాయిల్ టేపు ముక్క అంటించి, చెక్కను కాస్త వెనక్కి వాల్చాం. ఫాయిల్ తన వేడిని బయటికి దాదాపు వదలదు, పైనున్న చల్లటి ఆకాశాన్ని అద్దంలా తిప్పి చూపిస్తుంది. మబ్బు లేని రాత్రి థర్మల్‌లో అది కటిక నల్లగా, అంచులు కోసినట్టు కనబడుతుంది, ఎంతసేపైనా పాకదు. చెక్కను నిటారుగా నిలబెడితే మాత్రం ఆకాశం బదులు నేల ప్రతిబింబించి చుక్క మాయమవుతుంది. ఈ ఒక్క మార్పుతోనే గ్రూప్ ఐదు నుంచి మూడు అంగుళాలకు వచ్చింది.

మూడోది ఆయనకే ఆశ్చర్యం కలిగించింది. థర్మల్ సెన్సర్ అప్పుడప్పుడూ తనను తాను సరిచేసుకోవడానికి లోపలి షట్టర్‌ను మూసి తెరుస్తుంది. టిక్కుమని చప్పుడు వస్తుంది, బొమ్మ ఒక క్షణం ఆగిపోతుంది. ట్రిగ్గర్ నొక్కే సమయానికి అది జరిగితే, తెర మీద మీరు చూస్తున్నది గడిచిపోయిన బొమ్మ. పంది ఈలోగా అడుగు వేసి ఉంటుంది, దాని వెనక ఉన్నది దాని ముందుకు వచ్చి ఉంటుంది. ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టించాను. రైఫిల్ భుజానికి ఆనించగానే బటన్ నొక్కి సెన్సర్‌ను సరిచేసుకోవాలి, ఆ తర్వాతే గురి.

నాలుగోది కన్ను. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, కాస్త గట్టి వెలుతురు పడితే అంతా క్షణంలో పోతుంది. ఈయన స్కోపు తెర బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచి, రెండో కన్ను గట్టిగా మూసుకుని చూస్తున్నారు. కాసేపటికి కనురెప్ప అదరడం, తల రైఫిల్ స్టాక్ (చెంప ఆనించే పిడి) మీద జరగడం మొదలైంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, రెండు కళ్లూ తెరిచి చూడటం అలవాటు చేయించాను. స్కోపు నుంచి తల తీశాక ఒక కంటికి చీకటి, ఒక కంటికి నల్లమచ్చ. ఆ స్థితిలో గుండు ఎక్కించిన రైఫిల్‌తో గుంటల చేనులో అడుగు వేయకూడదు. నడిచేటప్పుడు బోల్ట్ తెరిచి, ఛాంబర్ (గుండు కూర్చునే గది) ఖాళీగా ఉండాల్సిందే. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను.

దూరం సంగతీ ఉంది. తెర మీద బొమ్మకు లోతు ఉండదు. 230 గజాల్లో ఉన్న కంచె స్తంభాన్ని ఈయన "ఒక నూట ఇరవై ఉంటుంది" అన్నారు. పందుల్లో చిన్నా పెద్దా ఉంటాయి కాబట్టి సైజును బట్టి దూరం లెక్కగట్టడం కుదరదు. లేజర్ రేంజ్‌ఫైండర్ కొనమన్నాను, కొన్నారు.

ఇవన్నీ సర్దాక 100 గజాల్లో గ్రూప్ రెండు అంగుళాలకు వచ్చి నిలబడింది. పందికి అది చాలు. ఆయనకు ఇక చేనులోకి దిగాలని ఆత్రం. నేను రైఫిల్‌ను బీరువాలో పెట్టించి తాళం వేయించాను.

రైఫిల్ లేని రాత్రులు

చేతిలో పట్టుకుని ఒంటికంటితో చూసే థర్మల్ మోనాక్యులర్ ఒకటి, నోటుపుస్తకం ఒకటి. కొన్ని వారాలపాటు ఇద్దరం ఇవే పట్టుకుని చేను గట్టున కూర్చున్నాం. ఏదైనా వేడిగా కనబడితే అదేమిటో, ఎంత దూరమో, ఎందుకలా అనుకున్నారో రాయాలి. తర్వాత పవర్‌ఫుల్ టార్చి వేసి గానీ, గట్టున పెట్టిన ట్రెయిల్ కెమెరా (జంతువు కదిలితే దానంతటదే తీసేది) ఫొటోలు చూసి గానీ సరిచూడాలి.

మొదట్లో ఆయన రాసినవాటిలో తప్పులు చాలా. వాటిలో ఒకటి చెప్పి తీరాలి. గడ్డిలో తల దించుకుని, బరువుగా, మెడ లేనట్టున్న ఆకారం. 150 గజాలు. "పంది, ఒంటరి మగది" అని రాశారు. టార్చి వేస్తే పక్క పొలంవాళ్ల దూడ. కంచె సందులోంచి వచ్చి పడుకుని, తల ఒంట్లోకి ముడుచుకుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నా, చేతిలో రైఫిల్ ఉంటే?" అన్నారు. ఆ ప్రశ్న ఆయన నోటి నుంచే రావాలనే రైఫిల్ పక్కన పెట్టించాను.

దీని వెనక లెక్క పాతదే. అమెరికా సైన్యం ప్రయోగశాలలో పనిచేసిన జాన్ జాన్సన్ 1958లో కట్టిన కొలమానం ప్రకారం, తెర మీద ఏదో ఉందని పసిగట్టడానికి ఆ వస్తువు వెడల్పులో ఒక గీతల జత (ఒక నల్ల గీత, పక్కనే ఒక తెల్ల గీత) తేడా తెలిస్తే చాలు. అది ఏ రకం వస్తువో చెప్పడానికి నాలుగు జతలు, ఫలానాదని ఖాయం చేయడానికి ఆరుకు పైగా కావాలి. అంటే డబ్బా మీద పసిగట్టే దూరం 1200 గజాలని రాసిన పరికరంతో జంతువును ఖాయంగా గుర్తుపట్టేది సుమారు 200 గజాల్లోపే. గాలిలో తేమ, మంచు, వాన ఉంటే ఇంకా తగ్గుతుంది. డబ్బా మీది అంకె చూసి కొన్నవాళ్లకు ఎవరూ ఈ ఆరో వంతు సంగతి చెప్పరు.

చూడగా చూడగా కన్ను అలవాటు పడింది. పంది బరువంతా ముందు భాగంలో ఉంటుంది, తల ఎప్పుడూ నేలకే, తోక వేలాడుతూ ఉంటుంది. ఒంటికి బురద పట్టి ఉంటే వేడి మచ్చలుమచ్చలుగా కనబడుతుంది. జింక మెడ ఎత్తుతుంది, చెవులు తిప్పుతుంది. కొయోటీ (ఇక్కడి నక్కలాంటి జంతువు) నడక తేలిక, ఒక్కచోట నిలవదు. కదలకుండా పడుకున్నది ఏదైనా సరే "తెలియదు" అనే రాయాలని పెట్టుకున్నాం. కొన్నాళ్లకు పుస్తకంలో "తెలియదు" అన్న మాట పెరిగింది, తప్పులు తగ్గాయి. ఆయన సిద్ధమవుతున్నారని నాకు అర్థమైంది అక్కడే.

ఇంకో పరీక్ష వాళ్లబ్బాయితో చేశాం. పికప్ ట్రక్కును 80 గజాల్లో నిలబెట్టి, అబ్బాయిని లోపల కూర్చోబెట్టి అద్దాలు ఎత్తమన్నాను. మోనాక్యులర్‌లో ఇంజన్ బోనెట్ తెల్లగా వెలుగుతోంది, టైర్లు కనబడుతున్నాయి. పక్క అద్దం ఉన్నచోట బూడిదరంగు పలక, లోపల మనిషి జాడే లేదు. "ఖాళీ బండి" అన్నారు తండ్రి. అద్దం దించమని అబ్బాయికి ఫోన్ చేశాను. అద్దం దిగుతున్నకొద్దీ ముందు నుదురు, తర్వాత ముఖం తెల్లగా పైకి వచ్చాయి. థర్మల్ చూసే కిరణాలు మామూలు గాజును దాటవు. అందుకే ఆ పరికరాల లెన్సులు జెర్మేనియంతో చేస్తారు. కిటికీ వెనక ఉన్న మనిషి థర్మల్‌కు లేనట్టే. ఆ రాత్రి నుంచి రోడ్డు, ఇల్లు, బండి ఉన్న వైపు తుపాకీ తిరగకూడదన్నది ఆయనకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఏ పరికరం ఎందుకు

రాత్రి చూపుకు మూడు దారులున్నాయి. ఇమేజ్ ఇంటెన్సిఫైయర్ ట్యూబు చుక్కల వెలుగును, వెన్నెలను ఎలక్ట్రాన్లుగా మార్చి, వేల రెట్లు పెంచి, ఆకుపచ్చ లేదా తెల్ల తెర మీద చూపిస్తుంది. మూడో తరం ట్యూబు చాలా బాగుంటుంది, ధర వేల డాలర్లు. డిజిటల్ నైట్ విజన్ అంటే చీకటికి అనువైన కెమెరా సెన్సర్, తోడుగా ఐఆర్ (పరారుణ) టార్చి. 850 నానోమీటర్ల టార్చి దూరం చూపిస్తుంది కానీ దాని మొహంలో సన్నటి ఎర్రచుక్క కనబడుతుంది. 940 అసలు కనబడదు, దూరం తగ్గుతుంది. మంచులో, దుమ్ములో ఐఆర్ వెలుగు తిరిగి మన కంట్లోనే కొడుతుంది. మూడోది థర్మల్. పసిగట్టడంలో దానికి సాటి లేదు. కానీ కంచె తీగ, చెవి ట్యాగు, కొమ్ము, ఒంటి రంగు లాంటి వివరాల్లో అది బలహీనం.

పక్కన పశువులున్న పొలంలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా సలహా ఇది: వెతకడానికి చేతిలో థర్మల్ మోనాక్యులర్, రైఫిల్ మీద డిజిటల్ స్కోపు. ఖరీదైన థర్మల్ స్కోపు ఒక్కటే కొని రైఫిల్ మీద బిగిస్తే, చుట్టూ వెతకడానికి కూడా రైఫిలే తిప్పుతారు. అంటే ఏముందో తెలియకముందే ప్రతిదాని మీదికీ తుపాకీ గొట్టం తిరుగుతుంది. దూడ మీదికీ, పొరుగువాడి మీదికీ. ఈయన తన థర్మల్ స్కోపును అమ్మేసి, నా దగ్గర వాడి చూసిన డిజిటల్ రకాన్నే కొనుక్కున్నారు. కొంత నష్టం వచ్చింది, పట్టించుకోలేదు.

చట్టం

టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులను రాత్రి కూడా కాల్చవచ్చు. 2019 సెప్టెంబర్ 1 నుంచి దానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. జింకను మాత్రం సూర్యాస్తమయం తర్వాత అరగంట దాటాక కాల్చడం నేరం. గుర్తుపట్టడం మీద ఇంత పట్టుబట్టడానికి ఇది కూడా కారణం.

హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఒక తిరకాసు తెలుసుకోవాలి. ఫెడరల్ చట్టం వాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదంటుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. కాబట్టి పందులకు రాష్ట్రం లైసెన్సు అడగకపోయినా, వీసా మీద ఉన్నవాళ్లకు అది లేకుండా తుపాకీ ముట్టుకోవడమే ప్రమాదం. స్నేహితుడి తుపాకీ అయినా అంతే. మూడో తరం ట్యూబుల మీద ఎగుమతి నియంత్రణలున్నాయి. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కానివారి చేతికి ఇక్కడే ఇచ్చినా అది ఎగుమతి కిందకు రావచ్చు. ఊళ్లో పొలం కాపలాకు పనికొస్తుందని థర్మల్ స్కోపును సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా విమానం ఎక్కడం లాంటివి అసలు చేయవద్దు. ఏ చిన్న అనుమానమున్నా లాయర్‌ను అడగండి.

చేనులో

రైఫిల్ బీరువాలోంచి బయటికి రావడానికి ముందు పగలు చేనంతా నడిచాం. .308 తూటా అడ్డం లేకపోతే రెండు మైళ్లకు పైగా పోగలదు. చీకట్లో వెనక ఏముందో ఏ పరికరమూ పూర్తిగా చెప్పదు. అందుకని కాల్చే దిక్కును పగలే ఖాయం చేసుకున్నాం. చేనుకు తూర్పున పశువుల కుంట ఉంది, దాని మట్టి గట్టు మనిషెత్తుకు పైగా ఉంటుంది. ఆ గట్టుకు ఎదురుగా పదడుగుల ఎత్తున మంచె వేశారు. ఆయన చెక్కలు కొట్టిన తీరులో అనంతపురం మంచె ఆనవాలు స్పష్టంగా ఉంది. పైనుంచి కిందికి కాలిస్తే తూటా జంతువును దాటినా నేలకో, వెనక గట్టుకో తగులుతుంది. ఎడమ, కుడి హద్దుల్లో ఐదు గ్యాలన్ల నీళ్ల డబ్బాలు పెట్టాం. పగటి ఎండకు కాగిన నీళ్లు రాత్రి చాలాసేపటిదాకా థర్మల్‌లో తెల్లగా కనబడతాయి. హద్దు దాటిన పంది ఎంత పెద్దదైనా మనది కాదు. గరిష్ఠ దూరం 150 గజాలు.

అక్కడి నుంచి పద్ధతి ఒకటే. మోనాక్యులర్‌తో వెతకాలి. జంతువు పేరు, దూరం, వెనక ఏముంది, ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారు, ఈ నాలుగూ పైకి చెప్పాలి. అప్పుడే రైఫిల్ ఎత్తాలి. స్కోపులో మళ్లీ చూసి, పేరు మళ్లీ చెప్పాలి. పక్కన ఎవరూ లేకపోయినా పైకే చెప్పాలి, మనసులో అనుకుంటే మనసు తొందరపడుతుంది.

మొదటి కొన్ని రాత్రులు కాల్చకుండానే దిగిపోయారు. ఒకసారి మంద హద్దు డబ్బాకు అవతలే మేసి వెళ్లిపోయింది, ఒకసారి మంచు కమ్మింది, ఒకసారి గాలి మా వైపు నుంచి వీచి, మా వాసనకు పొదల్లోంచే వెనక్కి పోయాయి. పంది చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం అమోఘం. ఆ తర్వాత ఒక రాత్రి పిల్లలతో సహా మంద కుంట వైపుకు వచ్చింది. "పందులు. తొంభై ఐదు. వెనక గట్టు. ఇంట్లోవాళ్లు ఇంట్లోనే." గొంతులో టెన్షన్ తెలుస్తోంది కానీ మాట తడబడలేదు. పెద్ద ఆడపంది పక్కకు తిరిగేదాకా ఆగారు. పందికి గుండె చాలా కింద, ముందుకు, ముందు కాళ్ల మధ్యే ఉంటుంది. జింకకు పెట్టినట్టు భుజం వెనక పెడితే గాయపడి పారిపోయి, ఎక్కడో బాధపడి చస్తుంది. ఒకే గుండు, కొద్ది అడుగుల్లో పడిపోయింది. మిగతావి చెల్లాచెదురుగా పరిగెత్తాయి, వాటి మీదికి రైఫిల్ తిప్పలేదు. బోల్ట్ తెరిచి, మోనాక్యులర్‌తో చుట్టూ మళ్లీ చూసి, కాసేపు ఆగి దిగాం. చేతులకు గ్లవ్స్ వేసుకున్నాకే పందిని ముట్టుకున్నాం, వీటి నుంచి మనుషులకు బ్రుసెల్లోసిస్ అంటుకునే ప్రమాదం ఉంది.

ఫలితం, మిగిలిన పని

నైపుణ్యం వచ్చింది. చేను మాత్రం రైఫిల్ ఒక్కదానితో బాగుపడలేదు, పడదు కూడా. పందుల సంఖ్య పెరగకుండా ఆపాలంటేనే ఏటా మూడింట రెండు వంతులు తీసేయాలని ఇక్కడి వన్యప్రాణి నిపుణుల అంచనా. ఒక్కొక్కటిగా కాలిస్తే మిగతా మంద తెలివి మీరి వేరే దారి పట్టుకుంటుంది. అందుకే మందమొత్తం ఒకేసారి లోపలికి వచ్చాక ఫోన్ నుంచి తలుపు మూసే పెద్ద కంచె బోను పెట్టించాం. మందలకు బోను, బోనుకు లొంగని ఒంటరి మగపందులకు రైఫిల్. ఈ రెండూ కలిశాక గుంటలు బాగా తగ్గాయి, కిందటిసారి కోత, యంత్రం దెబ్బ తినకుండానే పూర్తయింది.

ఆయన ఇప్పటికీ మంచె ఎక్కే ప్రతి వారం ముందుగా పగటిపూట జీరో, అంటే గురిగీత పెట్టినచోటే తూటా పడుతోందా అన్నది, సరిచూసుకుంటారు. స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు మరలు బిగువుగా ఉన్నాయా చూస్తారు, బ్యాటరీ రెండోది జేబులో వెచ్చగా పెట్టుకుంటారు. తేలని విషయం ఒకటుంది. వసంతంలో గాలి తేమగా ఉన్న రాత్రుల్లో ఖాయంగా గుర్తుపట్టే దూరం 70, 80 గజాలకు పడిపోతోంది, మగపందులేమో గట్టు పక్కనే, మంచెకు దూరంగా తిరుగుతున్నాయి. వచ్చే కోత లోపు మంచెను కుంట వైపు ముందుకు జరపాలనుకున్నాం. జరిపితే కోణం మారుతుంది కాబట్టి నీళ్ల డబ్బాల హద్దులు, దూరాల పట్టిక పగటిపూట మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.